బండిక్రింది నిక్షేపము



తొలకరి వాన కురిసినంతనే మా అనంతపురము సీమయందలి వజ్రకరూరు చేలలో జనులు తలలు వంచుకొని తిరుగుచుందురు. వాన మన్నును కడిగివేయగా నెచ్చటనైన వజ్రము తళుక్కుమనునేమో యని వారి యాశ. ఆ నేలలో వజ్రములుండుట నిజమే. కాబట్టి వారిని చూచి నవ్వుటకు వీలులేదు. వారు పగటివేళ, పదుగురి యెదుట వెదకుదురు. నేడు నేను చెప్పబోవునది రాత్రివేళ మన బండ్లక్రింద పరుండి నిక్షేపము వెదకువారిని గూర్చి.

మా వీధిలో నొక వ్యాను కలదు. అది ఉదయము బడిపిల్లలను, సాయంకాలము కూరగాయలను మోయును. వానలు సరిగా లేక వేరుసెనగ సేద్యము గిట్టుబాటు కానందున, అప్పుచేసి దానిని కొన్న రైతే దానికి సారథి. మా మనుమరాలును అందులోనే బడికి పోవును. ఒకనాటి తెల్లవారుజామున అతడు తాళము త్రిప్పినంతనే బండి పులివలె గాండ్రించెను. అతడు పరుగున మా యింటికి వచ్చి, "అయ్యవారా, బండి అరుపు మారిపోయిండాది సామీ!" యనెను. వంగి చూచితిమి. పొగగొట్టమును రెండుచోట్ల కోసి, నడుమనున్న పెట్టెను ఎవరో యెత్తుకొనిపోయిరి.

ఆ పెట్టెకు కేటలిటిక్ కన్వర్టరని పేరు. మన శాస్త్రగ్రంథములలో ఉత్ప్రేరక పరివర్తకమందురు. ఉత్ప్రేరకమనగా నేమి? పెండ్లిండ్ల పేరయ్యను తలచుకొనుడు. అతడు ఇరువైపులవారిని కలుపును, పెండ్లి జరుగును, తాను మాత్రము ఎప్పటివలెనే యుండి మరియొక సంబంధమునకు బయలుదేరును. ఈ పెట్టెలో తేనెపట్టువలె సన్నని రంధ్రములుగల పింగాణి దిమ్మ యుండును. దానిమీద ప్లాటినము, పల్లాడియము, రోడియము అను లోహములు పలుచని పూతగా నుండును. ఇంజనునుండి వచ్చు కార్బన్ మోనాక్సైడను విషవాయువు ఇచ్చట బొగ్గుపులుసు వాయువుగా మారును. కాలక మిగిలిన పెట్రోలు ఆవిరి నీరుగను, బొగ్గుపులుసు వాయువుగను విడివడును. నైట్రోజను ఆక్సైడులు మామూలు నైట్రోజనగును. పేరయ్యవలె లోహము మాత్రము తరుగక నిలిచియుండును.

మన దేశమున 1995వ సంవత్సరమున ఢిల్లీ, ముంబయి, కలకత్తా, మదరాసు నగరములలో క్రొత్త పెట్రోలు కార్లకు దీనిని మొదట విధించిరి. సీసము ఈ పూతను చెరచును గనుక 2000వ సంవత్సరమునకు సీసము లేని పెట్రోలును దేశమంతట ప్రవేశపెట్టిరి. 2020 ఏప్రిలు 1వ తేదినుండి భారత్ స్టేజి 6 నియమములు వచ్చిన పిమ్మట దీని ప్రాముఖ్యము మరింత హెచ్చినది.

ఒక్కొక్క పెట్టెలో నుండు లోహము కొలది గ్రాములే. అయినను 2021వ సంవత్సరమున రోడియము వెల ఔన్సునకు 29,000 డాలర్ల దరికి పోయినది. అప్పుడు ఔన్సు బంగారము 1,700 డాలర్ల ప్రాంతమున నుండెను. తరువాత ఆ వెల చాల దిగినను, దొంగకు తెలిసిన రుచి పోలేదు. ఆ సంవత్సరముననే గుజరాతు మున్నగు చోట్ల మారుతి ఈకో వ్యానుల సైలెన్సర్లు వరుసగా పోయినవి. ఆ బండి నేలకు ఎత్తుగా నుండుట, క్రింద దూరుటకు సులభమగుట దొంగలకు కలిసివచ్చినది.

మాకు ఈ దొంగతనము క్రొత్తయే గాని దీని పోలిక పాతది. పొలములలోని ట్రాన్స్‌ఫార్మరులను పగులగొట్టి రాగితీగను తీసికొనిపోవుట మా రైతులు ఎరుగనిది కాదు. దొంగకు దక్కునది గోరంత. నీరందక ఎండిపోవు చీనీతోట కొండంత.

ఇక నా తప్పును చెప్పుకొందును. క్రొత్త పెట్టె వెల ఆ సారథి రెండు నెలల సంపాదన. బాగుచేయువాడొకడు, "పెట్టె యేల? ఉత్త గొట్టము అతికించెదను, బండి నడచును" అనెను. బడికి వేళ మించుచున్నదని, "అట్లే కానిమ్ము, నాయనా" యని తొందరపెట్టినవాడను నేనే. నాలుగుదినములు గడచునప్పటికి మా మనుమరాలు, "తాతా, వ్యానులో కండ్లు మండుచున్నవి, తల నొచ్చుచున్నది" అనెను. అతుకు సరిగా లేక పొగ లోనికి వచ్చుచుండెను. కార్బన్ మోనాక్సైడునకు రంగులేదు, వాసనలేదు. పసివారి ప్రాణమునకు అది పొంచియున్న పామువంటిది. ఆ రాత్రి నాకు నిద్రపట్టలేదు. దొంగ తీసికొనిపోయినది లోహము; పిల్లలకు విషపుగాలి పీల్పించినది నా తొందర. మరునాడు పిల్లల తలిదండ్రులమందరము తలకొంత వేసికొని సరియైన పెట్టెను బిగింపించితిమి.

కావున మీరు చేయదగిన పనులు చెప్పెదను. రాత్రివేళ బండిని ప్రహరిలోపల గాని, దీపముక్రింద గాని నిలుపుడు. పొగగొట్టమున్న ప్రక్క గోడకు దగ్గరగా నుండవలెను. రెండు బండ్లున్నచో ప్రక్కప్రక్కన నిలుపుడు. పనితెలిసినవానిచేత మరలను వెల్డింగు చేయించుడు, లేదా పెట్టెక్రింద ఇనుపచట్రము బిగింపించుడు. కాని గాలి యాడుటకు సందు విడువవలెను; పనిచేయునప్పుడు ఆ పెట్టె 400 డిగ్రీలకు మించి కాగును. ఈ కారణముననే ఎండిన వేరుసెనగ కట్టెమీద గాని, వామి ప్రక్కను గాని వేడిబండిని నిలుపరాదు.

పెట్టెమీద బండి నంబరును చెక్కించి ఛాయాచిత్రము తీసియుంచుడు. 2025వ సంవత్సరమున మా పెనుకొండ దగ్గరి కియా కర్మాగారమునుండి సుమారు 900 ఇంజనులు మాయమైనవని కేసు నమోదైనది. ఇంజనుకైనను ఒక సంఖ్య యుండును. గుర్తులేని పెట్టె దొరికినను అది మీదేనని యెట్లు నిరూపింతురు?

బండి అరుపు మారినను, ఘాటువాసన వచ్చినను వెంటనే క్రింద చూడుడు. పోయినచో కోసినచోటిని చిత్రము తీసి, 112కు చెప్పి, ఠాణాలో వ్రాతపూర్వకముగా ఫిర్యాదు చేయుడు. ఎఫ్.ఐ.ఆర్. ప్రతిని ఉచితముగా పొందుట ఫిర్యాదుదారుని హక్కు. సమగ్రబీమా గలవారు బీమా సంస్థకు నాడే తెలుపవలెను. ఇతరుల నష్టమునకు మాత్రమే చేయించిన బీమా దొంగతనమునకు అక్కరకు రాదు.

ఇన్నియు చెప్పినను అసలు తాళము మరియొకచోట నున్నది. ఆ పింగాణిని దొంగ తినజాలడు, తొడుగజాలడు. కొనువాడుండుటచేతనే కోయుచున్నాడు. కౌటిల్యుడు అర్థశాస్త్రమునందలి కంటకశోధనాధికరణమున దీనిని చక్కగా గ్రహించెను. నమ్మరాని చేతులనుండి వెండిబంగారు వస్తువులను అధికారులకు తెలుపక కొన్న స్వర్ణకారునకు 12 పణముల దండనము. రూపు మార్చి కొన్నచో 24. దొంగచేతినుండియే కొన్నచో 48 అని విధించెను. రూపు మార్చిన దండన మేల ఇనుమడించెను? గుర్తు చెరిగిపోవును గనుక. నేడు పింగాణిని దంచి పొడిచేయుటయు అట్టిదే. 2024 జులై 1వ తేదినుండి అమలులోనున్న భారతీయ న్యాయ సంహిత 317వ సెక్షను, దొంగసొత్తని యెరిగియో, అట్లు నమ్ముటకు కారణముండియో దానిని కపటబుద్ధితో పుచ్చుకొన్నవానికి 3 సంవత్సరములవరకు చెరసాల విధించుచున్నది.

పాతయినుము కొను సోదరులకు నా మనవి యిది: కోసిన పెట్టెను ఎవడైన తెచ్చినచో, "ఏ బండిది? కాగితమేది?" అని రెండుమాటలడుగుడు. బండ్లవారికి మనవి: రసీదులేని చౌక పెట్టెను కొనకుడు; అది మరియొకని బండిక్రింద కోసినది కావచ్చును.

ఇప్పుడు ఆ వ్యాను ప్రతిరాత్రియు మా గోడనానుకొని నిలుచుచున్నది. ఉదయము అది మెల్లగా కదలినప్పుడు మా మనుమరాలు కిటికీలోనుండి చేయి యూపును. ఆ మెత్తని చప్పుడు వినుటయే నాకు సంతోషము.

సెలవు.