హైకోర్టు గడపయు మన ప్రజయు
(బుచ్చయ్యపేట సభలో నొక న్యాయవాది చేసిన యుపన్యాసము)



ఈ గ్రామమునుండి హైకోర్టున కేగవలసినవాడు 1954 వరకు చెన్నపట్టణపు రైలెక్కవలసినదే. ప్రత్యేకాంధ్రము 1953 అక్టోబరు 1న నేర్పడగా, మరుసటి సంవత్సరము జూలై 5న గుంటూరున మన హైకోర్టు వెలసినది. కోకా సుబ్బారావుగారు ప్రథమ ప్రధాన న్యాయమూర్తులు. అది 1956లో హైదరాబాదునకు తరలినది. 2019 జనవరి 1 నుండి అమరావతిలో నున్నది. ఈ మకాములు మారుటకంటె, ఆ గడపలో నెవరి మొర వినబడెనో విచారించుట ముఖ్యము. స్త్రీ యొకతె ఆ పీఠ మెక్కుటకు 1978 వరకు పట్టినది. ఆమె అమరేశ్వరిగారు.

మన యెగువ కొండలనే చూడుడు. 1839 నాటి చట్టము విశాఖ ఏజెన్సీని సాధారణ న్యాయస్థానముల యధికారమునుండి తప్పించి ఏజెంటుదొర కప్పగించినది. శిస్తు రాబట్టు కలెక్టరే యా ఏజెంటు, తీర్పరియు నాతడే! ఇక కొండవాని మొర యేమగును? స్వరాజ్యము వచ్చిన పిదప 1959లో భూబదలాయింపు నిబంధన పుట్టినది. 1970లో దానిని బిగించి, షెడ్యూలు ప్రాంతమున గిరిజనేతరునకు భూమి పోరాదనిరి. అయితే ప్రభుత్వమే గనులను కంపెనీల కిచ్చినచో? అనంతగిరి, బొర్రా ప్రాంతమున నిదియే జరిగినది. 'సమత' యను సంస్థ హైకోర్టు కెక్కగా పిటిషను త్రోసివేయబడినది. సుప్రీంకోర్టు 1997 జూలై 11న, ముగ్గురిలో నిద్దరి మతముచే, ప్రభుత్వమును ఆ నిబంధనకు లోబడినదే యని తేల్చి ఆ కౌళ్లు చెల్లవన్నది. ఆ తీర్పు వ్రాసిన రామస్వామిగారు మన హైకోర్టునుండి పోయినవారే యగుట గమనింపదగినది.

అన్నిట నిట్లు జరుగలేదు. 1991 ఆగస్టు 6న చుండూరున దళితులను వధించిరి. విచారణకై ఆ గ్రామముననే ప్రత్యేక న్యాయస్థానము పెట్టిరి. సాక్షులు తమ యూరనే నిలిచి చెప్పిరి. 2007లో ఇరువదియొక్కరికి యావజ్జీవశిక్ష పడినది. 2014లో హైకోర్టు అందరిని విడిచిపెట్టినది. పదునారేండ్లు తీర్పునకు కాచుకొనినవా రేడేండ్లకే దానిని కోల్పోయిరి. ఆ తీర్పును న్యాయవాదిగా చదివితిని. నా మనస్సు సమాధానపడలేదు.

భాష మరియొక గోడ. రాజ్యాంగపు 348వ అధికరణముచే హైకోర్టు వ్యవహార మాంగ్లమున సాగుచున్నది. గెలిచిన రైతునకును తన తీర్పు నింకొకడు చదివి చెప్పవలసినదే.

కావున చేయదగిన పని యొకటి చెప్పెదను. 1987 నాటి న్యాయసేవల చట్టముచే స్త్రీలకును, షెడ్యూలు కులములవారికిని, తెగలవారికిని ఆదాయముతో నిమిత్తము లేకయే ఉచితముగా వకీలు లభించును. నోటీసు వచ్చినవారు దానిని మడచి చూరున దోపక, గడువు తీరకముందే న్యాయసేవాకమిటీకి కొనిపొండు. చదువుకొన్న యువకులు వారివెంట నడువుడు.