అటకమీది నెగటివు



మీ యింటి గోడకు తాతగారి ఫోటో వ్రేలాడుచుండును. పండుగనాడు దానికి దండ వేయుదురు. కాని యా ఫోటోకు తల్లియైన నెగటివు ఏ అటకమీద, ఏ డబ్బాలో నున్నదో యెవరికిని జ్ఞప్తి యుండదు. నేటి ప్రసంగము ఆ తల్లినిగూర్చి.

ఫోటోకు మనవారు ఛాయాచిత్రమని పేరిడిరి. అమరసింహుడు ఛాయాశబ్దమునకు సూర్యపత్ని, కాంతి, ప్రతిబింబము, ఎండలేమి అని నాలుగర్థములు చెప్పెను. ఈ విద్యకు నాలుగును అన్వయించుచున్నవి గనుక, పేరిడినవాడు నిఘంటువు చదివినవాడే యని నా తలంపు.

ఫిల్మనగా పారదర్శకమైన పలుచని పట్టీ. దానిపై జెలటిన్ అను జిగురుపొర, ఆ పొరలో వెండిలవణముల రేణువులు నుండును. పూర్వము పట్టీకి మారుగా గాజుపలకలను వాడుచుండిరి. కెమెరాలో వెలుతురును క్షణకాలము లోనికి విడుచు తలుపు షట్టరు. వెలుతురు వచ్చు రంధ్రము అపెర్చరు. దాని అంకెలు 4, 5.6, 8, 11, 16 అని పెరిగినకొలది రంధ్రము చిన్నదై, మెట్టు మెట్టునకు వెలుతురు సగమగును. భిన్నములో హారము పెరిగిన విలువ తగ్గునని బడిలో చెప్పుకొన్నదే యిదియు.

వెలుతురు సోకినంతనే ఫిల్ముపై నేమియు గానరాదు. బొమ్మ గుప్తమై యుండును. చీకటిగదిలో డెవలపరను ద్రావకమున ముంచగా, వెలుతురు తగిలిన రేణువులు నల్లని వెండిగా మారును. తగులని లవణమును హైపో కరగించి తొలగించును. లేనిచో అదియు వెలుతురున క్రమముగా నల్లబడి బొమ్మను మ్రింగును. హైపోకు గల యీ గుణమును 1819లో కనుగొన్న జాన్ హెర్షెల్ దొరయే నెగటివు, పాజిటివు అను పేళ్లను ఈ విద్యలో ప్రవేశపెట్టెను. పిమ్మట నీట బాగుగా కడుగవలెను. పాత ఫోటోలు పసుపుబారుటకు తరచు కారణము హైపో కడుగక మిగులుటయే.

నెగటివులో పెండ్లికూతురి మల్లెలు నల్లగను, పెండ్లికొమరుని మీసము తెల్లగను దోచును. దానిగుండ కాగితముపై వెలుతురు ప్రసరింపజేసిన మరల తారుమారై నిజరూపము వచ్చును. స్టూడియోవారు నెగటివుమీదనే సన్నని పెన్సిలుతో ముడుతలు పూడ్చెడివారు. ఫోటోలో తాతగారి మొగము నున్నగా నుండుట వారి ఆరోగ్యమహిమ యని భ్రమపడకుడు!

ఒక నెగటివునుండి ఎన్ని ఫోటోలైనను తీయవచ్చును. ఫోటో చినిగినను నష్టము లేదు. నెగటివు పోయిన మరి లేదు. సికింద్రాబాదున స్టూడియో నడపి, ఆఱవ నిజామునకు ఆస్థాన ఛాయాచిత్రకారుడైన రాజా దీనదయాళు 1905లో స్వర్గస్థుడయ్యెను. ఆయన స్టూడియోకు చెందిన 2,857 గాజుపలకల నెగటివులను 1989లో ఢిల్లీలోని ఇందిరాగాంధీ జాతీయ కళాకేంద్రము సేకరించెను. పలకలు నిలిచెను గనుక నాటి కోటలు, కొలువులు నేటికిని అచ్చుపడుచున్నవి.

మన నిడదవోలు ప్రాంతమున కాలువలు, వరిచేలు సిరినిచ్చుచున్నవి. వానితోడనే చెమ్మయు వచ్చుచున్నది. జెలటిన్ బూజునకు ప్రియమైన భోజనము. వానకాలమున బూజు పట్టి బొమ్మనే తినివేయును. అటకమీది వేడిచే పట్టీ ముడుచుకొనును. కొన్ని ఫిల్ములనుండి పులిసిన వాసన వచ్చును. అది పట్టీ చెడుచున్నదనుటకు గురుతు, దానిని తక్కినవానినుండి వేరుచేయుడు.

నెగటివును అంచులతో పట్టుకొనవలెను. తడిగుడ్డతో తుడువరాదు, తడిసిన జిగురు ఊడివచ్చును. ప్లాస్టికు సంచిలో బిగింపక, ఒక్కొక్కదానిని శుభ్రమైన కాగితపు కవరులోనుంచి, కవరుమీద పేరును సంవత్సరమును ముందుగనే వ్రాసి, ఇంటిలో గాలియాడు పొడిచోట నుంచుడు. ఆ పేళ్లు చెప్పగలవారు మీరే. మనుమలకు ఆ మొగములు తెలియవు. ఇప్పుడు పట్టణములలో నెగటివును కంప్యూటరులోనికి ఎక్కించి యిచ్చువారున్నారు. ఎక్కించుకొనుడు. పని ముగిసినపిమ్మట నెగటివును మాత్రము అడిగి ఇంటికి తెచ్చుకొనుడు.