రాలిన పోగుకూ ఒక పేరు

 

నేతోళ్ల వార్షికోత్సవంలో బొమ్మల సంగతి ఎందుకని మీరు అడగవచ్చు. మనం చీపురుతో ఊడ్చేసే గుడ్డముక్కలతోనే పేరు తెచ్చుకున్న చిత్రకారులు ఉండారు. అందుకే చెప్తా ఉండాము.

1912లో పారిస్‌లో పికాసో తన బొమ్మ మీద ఒక నూనెగుడ్డ ముక్క అంటించినాడు. ఆ గుడ్డ మీద అచ్చువేసి ఉన్నది పేము కుర్చీ అల్లిక. బొమ్మ చుట్టూ తాడు చుట్టినాడు. ఇట్లా అంటించి చేసేదాన్ని కొలాజ్ అంటారు. రంగుతో పాటు గుడ్డ, కాగితం, దారం కలిస్తే అది మిశ్రమ మాధ్యమం.

ఇటలీ డాక్టరు అల్బెర్తో బుర్రి రెండో ప్రపంచయుద్ధంలో పట్టుబడి, అమెరికాలో ఖైదీగా ఉండి బొమ్మలు మొదలుపెట్టినాడు. 1950ల్లో చినిగిన గోనెపట్టలకు అతుకులేసి, కుట్లు కనపడేటట్లే చట్రానికి బిగించినాడు. అందులో మనిషి లేడు, చెట్టు లేదు. నేత, చినుగు, కుట్టు, అంతే. అదే నైరూప్య చిత్రం.

ఇది మనకు కొత్తా? గళ్ల చీరలో ఏ బొమ్మ ఉంది? అయినా కన్ను నిలుస్తుంది కదా! ఏ రంగు పక్కన ఏ రంగు పడాలో మన అవ్వలు కంటితోనే తూచినారు.

మన తెలుగు చిత్రకారుడు ఎం. రెడ్డెప్ప నాయుడు మద్రాసు చేనేత సేవా కేంద్రంలో పనిచేసినవారే. 1966లో మొదలైన చోళమండలంలో చిత్రకారులు బాతిక్ గుడ్డలు అమ్ముకుని బొమ్మలు వేసుకున్నారు. వాళ్లకు అన్నం పెట్టింది గుడ్డే.

తేడా ఒక్కటే. బొమ్మ కింద సంతకం ఉంటుంది. చీర కొంగున నేసినోళ్ల పేరు ఉండదు. మన బిడ్డలు హోసూరు కంపెనీలకు పోతా ఉండారంటే కూలి తక్కువని మాత్రమే కాదు, గుర్తింపు లేదని కూడా.

అందుకే మా మనవి. తెగిన పోగులు, కట్‌పీసులు, పాత జకార్డ్ అట్టలు ఒక పెట్టెలో దాచండి. ఆదివారం బిడ్డల ముందర పెట్టండి. గంజి ఒక్కటే పూస్తే పురుగు పడుతుంది, ఫెవికాల్ వాడండి. బరువైన ముక్కను సూదితో కుట్టండి. వెనక పేరు, ఊరు, సంవత్సరం రాయించండి.

దీంతో ఇల్లు గడుస్తుందని మేము చెప్పం. బిడ్డ తన చేతిపని కింద తన పేరు రాసుకుంటే, రేపు చీరకూ పేరు అడుగుతాడు. ఆ అడగడమే మనకు కావాల.