ప్రాథమిక పాఠశాలలో బోధనోపకరణములు
(వార్షికోత్సవ సందర్భమున తల్లిదండ్రుల సభలో చేసిన ప్రసంగ పాఠము)



తల్లిదండ్రులు మమ్ము తరచుగ అడుగు ప్రశ్న యొకటి కలదు. "పట్టణపు బడులలో కంప్యూటర్లు, పెద్ద తెరలు ఉన్నవి. తెలుగు బడిలో చదివిన మా పిల్లలు వెనుకబడిపోరు గదా?" అని. ఈ ప్రశ్న న్యాయమైనదే. బిడ్డను తెలుగు బడికే పంపవలెనని ఏ శాసనమును మిమ్ము నిర్బంధింపదు. 1956లో రాజ్యాంగమున చేర్చబడిన 350-ఎ అధికరణము, అల్పసంఖ్యాక భాషలవారి పిల్లలకు ప్రాథమిక దశయందు మాతృభాషలో చదువు చెప్పు వసతులు కల్పింప యత్నింపవలెనని ప్రభుత్వములకు విధించినది. అయితే 2014లో సుప్రీంకోర్టు, కర్ణాటక రాష్ట్రమునకు సంబంధించిన వ్యాజ్యముననే, ప్రాథమిక దశలో ఏ భాషలో చదువవలెనో ఎన్నుకొను స్వేచ్ఛ బిడ్డదనియు, బిడ్డ తరఫున తల్లిదండ్రులదనియు తీర్పు చెప్పినది. కాబట్టి తెలుగు బడి నిలుచుటయు మూతపడుటయు మీ నమ్మకముపై ఆధారపడియున్నవి. ఆ నమ్మకమును ఉపన్యాసములతో గాక, తరగతి గదిలో జరుగు పాఠముతోనే మేము సంపాదింపవలెను.

అట్లని యంత్రములు కొని పంచిన మాత్రమున చదువు రాదు. దక్షిణ అమెరికాలోని పెరూ దేశము పిల్లలకు లక్షల కొలది చిన్న కంప్యూటర్లను పంచినది. తరువాత జరిగిన పరిశోధన ఫలితములు 2012లో వెలువడినవి. పిల్లలకు కంప్యూటరు వాడుట వచ్చినదే గాని, లెక్కలలోను భాషలోను చెప్పుకోదగిన అభివృద్ధి కనబడలేదు. ఆ యంత్రముతో ఏ పాఠము ఎట్లు చెప్పవలెనో ముందుగ ఆలోచింపని చోట అంతకన్న ఫలితమును ఆశింపరాదు.

మన దేశముననే జరిగిన మరియొక ప్రయత్నము మనకు మార్గము చూపగలదు. 1975 ఆగస్టు మొదలు 1976 జూలై వరకు, ఉపగ్రహము ద్వారా ఆరు రాష్ట్రములలోని 2,400 గ్రామములకు టెలివిజను కార్యక్రమములు అందినవి. ఆంధ్రప్రదేశ్, కర్ణాటకములు రెండును అందు చేరియుండెను. ఉదయము బడిపిల్లలకు, సాయంకాలము పెద్దలకు కార్యక్రమములు ప్రసారమయ్యెడివి. ఆ ఉపగ్రహమున ఒకే దృశ్యముతో రెండు భాషల శబ్దములను పంపు వీలుండెను. బొమ్మ ఒక్కటి, గొంతులు రెండు. ఇంటిలో తెలుగును, వీధిలో కన్నడమును వినుచు పెరుగు మన పిల్లల స్థితి సరిగా ఇదియే గదా! ఈ స్థితిని లోపముగ భావింపక పాఠమునకు పెట్టుబడిగ చేసికొనవలెనని మా మనవి.

ఇక మనకు ఇప్పటికే లభ్యమగు సామగ్రిని చూతము. కర్ణాటక పాఠ్యపుస్తక సంఘమువారి తెలుగు మాధ్యమ పుస్తకములు అంతర్జాలమున ఉచితముగ దొరకును. పుస్తకములు చేరుట ఆలస్యమైనపుడు వానిని ముద్రించుకొని పాఠము సాగింపవచ్చును. 2017లో కేంద్ర ప్రభుత్వము నెలకొల్పిన దీక్షా వేదికయందు తెలుగు పాఠములు కలవు. సిగ్నలు అందు చోట వానిని ఫోనులోనికి దించుకొని, అందని గదిలో చూపవచ్చును. అయితే ఇచట ఒక వివేకము కావలెను. ఆంధ్ర, తెలంగాణములకై తయారైన పాఠములలో లెక్కలు, విజ్ఞానము, భాష మనకు చాలవరకు పనికివచ్చును. చరిత్ర, పౌరశాస్త్రము మాత్రము మన రాష్ట్రపు పాఠ్యప్రణాళికతో సరిచూచుకొనియే వాడవలెను. 2015లో ప్రథమ్ బుక్స్ సంస్థ ప్రారంభించిన స్టోరీవీవర్‌లో బొమ్మల కథలు అనేక భాషలలో ఉచితముగ నున్నవి. అచట ఒకే కథను తెలుగులోను కన్నడములోను చదువవచ్చును. ఆ బొమ్మలకే మన పిల్లలు క్రొత్త కథ వ్రాసికొనుటకును అనుమతి కలదు.

ఒక సెల్‌ఫోను, ఒక చిన్న స్పీకరు, వీలైనచో గోడపై బొమ్మ వేయు ప్రొజెక్టరు: ఇంతమాత్రపు ఉపకరణములతో ఉపాధ్యాయులు చేయదగిన పాఠములను నాల్గింటిని మనవి చేయుదుము.

మొదటిది వినికిడి పాఠము. ఒకే ఉపాధ్యాయుడు రెండు మూడు తరగతులను కనిపెట్టుకొనవలసిన బడులు చాల గలవు. పాఠమును ముందుగ స్పష్టముగ చదివి ఫోనులో నిలిపియుంచినచో, ఒక తరగతి పిల్లలు పుస్తకమున వ్రేలుంచి వినుచు చదువుకొందురు. ఆ వేళ ఉపాధ్యాయుడు రెండవ తరగతికి లెక్కలు చెప్పగలడు. అట్లే ప్రతి బిడ్డ చదువును జూన్‌లో ఒకసారి, డిసెంబరులో ఒకసారి, సంవత్సరాంతమున ఒకసారి రికార్డు చేయవలెను. లకారమునకు ళకారమునకు, నకారమునకు ణకారమునకు భేదము పలుకుచున్నదా, వాక్యాంతమున ఆగుచున్నదా అను సంగతి ఆ బిడ్డయే విని తెలిసికొనును. మార్కుల పట్టీ చెప్పలేని విషయమును ఈ మూడు రికార్డులు తల్లిదండ్రులకు చెప్పగలవు.

రెండవది మాటల పాఠము. పిల్లలు ఇంటి మాటలను, అంగడి మాటలను సేకరించి తెచ్చి, రెండు వరుసలుగ పట్టిక వేయవలెను. తెలుగున పాలు, కన్నడమున హాలు. ఇట పులి, అట హులి. పాము, హావు; పంది, హంది; పగలు, హగలు; పల్లె, హళ్ళి. పది మాటలు చేరునప్పటికి, మన పకారమున్న చోట అచట హకారము వచ్చుచున్నదని పిల్లలే కనిపెట్టుదురు. ప్రాచీన కన్నడమున కూడ ఇవి పకారముతోనే యుండెడివని అపుడు ఉపాధ్యాయుడు చెప్పవలెను. పిదప తెలివిగల బిడ్డ యొకతె లేచి, "పుస్తకము హుస్తకము కాలేదేమి?" అని అడుగును. అది సంస్కృతమునుండి వచ్చిన మాటయని చెప్పు అవకాశము అపుడు కలుగును. మన నారిహళ్ళలోని హళ్ళయనగా వాగు, హళ్ళియనగా పల్లె యని ఆ పాఠముననే తెలియును. ఇట్టి పాఠమును ఒకే భాష వినుచు పెరిగిన పిల్లలకు చెప్పుట కష్టము. మన పిల్లలకు ఇది పుట్టుకతో వచ్చిన సొమ్ము. కన్నడమును నేర్చుట మన విధియే. 2015 నాటి చట్టము ప్రకారము ఈ రాష్ట్రపు బడులన్నిట కన్నడ బోధన తప్పనిసరి. తెలుగు బాగుగ వచ్చిన బిడ్డకు ఆ చదువు బరువు కాదు.

మూడవది పటముల పాఠము. ఇస్రోవారు 2009లో ప్రారంభించిన భువన్ పటములలో ఉపగ్రహము తీసిన చిత్రములను చూడవచ్చును. తారానగర్ వద్ద నారిహళ్ళపై కట్టిన జలాశయమును, సండూరు కొండలను, ఇనుప గనుల యెఱ్ఱని మెట్లను గోడపై చూపి, పిల్లలచే కాగితముపై పటము గీయింపవలెను. నాలుగు దిక్కులు, కొలబద్ద, దూరముల లెక్క: అన్నియు ఒకే పాఠమున ఇమిడియున్నవి. భీమగండి, ఓబళగండి అను పేర్లలోని గండి యను మాట రెండు భాషలలోను ఉన్నదే. ఏటినీరు కొండను ఎట్లు చీల్చుకొని వెళ్ళినదో ఆ చిత్రముననే చూపవచ్చును. తండ్రి పనిచేయు గనిని పటమున గుర్తించిన బిడ్డకు భూగోళము పరాయి విషయముగ తోచదు.

నాల్గవది మన ఊరి పుస్తకము. పిల్లలు సంతను, చెరువు గట్టును, ఖనిజపు లారీని, లంబాడీ స్త్రీల కుట్టుపనిని ఫోటోలు తీయింపజేసి, ప్రతి ఫోటో క్రింద రెండు వాక్యములు తెలుగున, ఒక వాక్యము కన్నడమున వ్రాయవలెను. వానిని కుట్టి బడి గ్రంథాలయమున ఉంచినచో, తరువాతి సంవత్సరపు పిల్లలకు అదియే వాచకము. ఎచటనో అచ్చయిన పుస్తకమున మన యెఱ్ఱదుమ్ము గురించి ఉండదు. దానిని మన పిల్లలే వ్రాయవలెను.

కొన్ని జాగ్రత్తలును కలవు. యంత్రము చేసిన అనువాదములలోను, కృత్రిమ మేధ వ్రాసిన తెలుగులోను తప్పులు దొర్లుచుండును. ఉపాధ్యాయుడు చదివి దిద్దనిదే ఏ కాగితమును బిడ్డ చేతికి పోరాదు. పిల్లల ఫోటోలను, గొంతులను బయటివారికి పంపరాదు. 2023 నాటి వ్యక్తిగత సమాచార రక్షణ చట్టము పదునెనిమిదేండ్ల లోపువారి విషయమున తల్లిదండ్రుల సమ్మతి కావలెనని చెప్పుచున్నది. అయిదేండ్ల లోపు పసివారి విషయమున, రెండేండ్లు నిండిన తరువాత కూడ కూర్చుండి తెర చూచు కాలము రోజునకు ఒక గంట మించరాదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో సూచించినది. ఇంటిలో చంటిబిడ్డలున్నవారు దీనిని మరువరాదు. బడిపిల్లలకైనను మేము చెప్పిన పాఠములన్నిట తెర చూచు కాలము కొద్ది. పలుకుట, వ్రాయుట, గీయుట ఎక్కువ.

తల్లిదండ్రులారా! మన బడికి అన్నిటికన్న కొరతగ నున్నది యంత్రము కాదు, తెలుగు సామగ్రి. అది అంగడిలో దొరకదు. మీ యిండ్లలో ఉన్నది. అవ్వకు వచ్చిన పొడుపుకథలు, తాత చెప్పు సేద్యపు మాటలు, అమ్మ పాడు జోలపాట: వీనిని మీ ఫోనులో పలికించి బడికి ఇచ్చినచో ఏడాది పాఠములకు చాలును. చదువురాని తల్లియు ఈ విధముగ బడికి గురువు కాగలదు. సాయంకాలమున అరగంటసేపు మీ యెదుటనే ఫోనును బిడ్డకిచ్చి, ఆనాటి పాఠమును వినిపింపుడు; పిమ్మట ఫోనును తీసికొని, "ఏమి విన్నావమ్మా, చెప్పు" అని అడుగుడు. బిడ్డ తన మాటలతో చెప్పగలిగిననాడు పాఠము వచ్చినట్లు.

1953లో రాష్ట్రముల సరిహద్దులు మారినపుడు బళ్ళారి ఈ వైపున నిలిచినది. తెలుగు నాటకరంగమునకు ధర్మవరము రామకృష్ణమాచార్యులవారిని, బళ్ళారి రాఘవను ఇచ్చిన గడ్డ ఇది. ఆ భాష మన పిల్లల నోట నిలుచునా యను ప్రశ్నకు ఉత్తరమును గీతలు గీసినవారు చెప్పజాలరు. బడియు ఇల్లును కలిసి చెప్పవలెను. ఉపాధ్యాయుల వంతు శ్రమను వారు చేయుదురు. సామగ్రి సమకూర్చు భారమును మా సంఘము వహించును. మీ గొంతును, మీ సాయంకాలపు అరగంటను మాత్రము మీరు ఇయ్యవలెనని కోరుచున్నాము.