దాటివేసిన మూడు వచనాలు



ఈ దినము 137వ కీర్తనను ధ్యానించుదము. మీ బైబిలు తెరచి చూడండి. తొమ్మిది వచనాలే. మొదటి ఆరు మనకెంతో ప్రియమైనవి. బబులోను నదుల యొద్ద చెరవారి కన్నీళ్లు, నిరవంజి చెట్లకు తగిలించిన సితారాలు, యెరూషలేమును మరువనన్న ఒట్టు. చివరి మూడు వచనాల దగ్గరికి వచ్చేసరికి మనకు నోరు రాదు. బబులోను పసిపిల్లలను బండకు కొట్టేవాడు ధన్యుడట! 1971లో వెలువడిన రోమన్ కాథలిక్కుల అనుదిన ప్రార్థన గ్రంథంలో ఈ మూడు వచనాలను విడిచిపెట్టారు. మనమైతే అచ్చులో ఉంచి, చదవడంలో దాటివేస్తున్నాము.

మీ సంఘములోని యౌవనస్థుడొకడు, "అయ్యగారూ, ఇది కూడా దేవుని వాక్యమేనా?" అని అడిగితే ఏమంటారు? గద్దిస్తే అతడు ఊరకుంటాడు. ప్రశ్న ఊరకుండదు.

ప్రియులారా, కఠినమైన వాక్యము ఎదురైనప్పుడు మొదట అడగవలసినది ఇది: ఈ మాట ఎవరు, ఎవరితో పలికారు? ఇది దేవుడు మనుష్యులకిచ్చిన ఆజ్ఞ కాదు. సర్వమును పోగొట్టుకొన్నవారి మొర. యెరూషలేము ముట్టడిలో పసివారు ఆకలికి తల్లుల ఒడిలోనే ప్రాణము విడిచారు (విలాప. 2:12). రాజైన సిద్కియా చూచుచుండగా అతని కుమారులను చంపి, ఆ తరువాత అతని కన్నులు ఊడదీశారు (2 రాజులు 25:7). అట్టి గాయములు గలవారు 7వ వచనములో యెహోవాను పిలిచి, తమ కోపమును ఆయన ఎదుట కుమ్మరించారు.

ఇది పాతకాలపు సంగతి అనుకోకండి. 1991 ఆగస్టు 6న అప్పటి గుంటూరు జిల్లా చుండూరులో ఎనిమిది మంది దళితులను చంపారు. 2007లో ప్రత్యేక న్యాయస్థానము శిక్షలు విధించింది. 2014లో హైకోర్టు వాటిని కొట్టివేసి, ముద్దాయిలను విడిచిపెట్టింది. బిడ్డను అలా పోగొట్టుకొన్న తల్లి మన గుడిలో కూర్చుంటే, "అమ్మా, కోపపడకు, స్తుతించు" అనడం ఎంత సులభము! బైబిలు ఆమె నోరు మూయలేదు. కన్నీటితోపాటు ఆ కోపమును కూడా దేవుని యొద్దకు తెచ్చుకొనుటకు ఈ కీర్తనను ఆమె చేతికిచ్చింది.

అయితే అక్కడే ఆగిపోకూడదు. రెండవదిగా, లేఖనమును లేఖనముతో కలిపి చదవాలి. బబులోనులోని చెరవారికే ఆ పట్టణ క్షేమము కొరకు ప్రార్థించుమని యిర్మీయా వ్రాశాడు (29:7). కుడియెడమలు ఎరుగని నీనెవె జనులు లక్షా ఇరువది వేలకంటె ఎక్కువ మంది మీద దేవుడు జాలిపడ్డాడు (యోనా 4:11). శత్రువు ఇంటి పసిబిడ్డ కూడా ఆయన బిడ్డే. కాబట్టి ఈ కీర్తనను చేతపట్టి ఎవరి మీదను చెయ్యి ఎత్తుటకు మనకు అధికారము లేదు. పగ తీర్చుట ప్రభువు పని (రోమా 12:19).

మూడవదిగా, ఈ వాక్యమును క్రీస్తు యొద్దకు తీసుకొనిరండి. ఆయన యెరూషలేమును చూచి ఏడ్చాడు. శత్రువులు దానిని, దాని పిల్లలను నేలగూల్చుదురని చెప్పాడు (లూకా 19:44). అక్కడ వాడిన గ్రీకు క్రియాపదమే, 137వ కీర్తన ప్రాచీన గ్రీకు అనువాదపు చివరి వచనములోనూ ఉన్నది. శత్రువు బిడ్డల కొరకు కీర్తనకారుడు కోరిన గతి తన సొంత పట్టణపు బిడ్డలకు రానున్నదని ఎరిగి, ప్రభువు కన్నీరు విడిచాడు. ఆ దెబ్బ మరియొకరి మీద పడాలని ఆయన కోరలేదు. సిలువ మీద తానే మోశాడు, కొట్టినవారి కొరకు ప్రార్థించాడు.

ఈ వారము మీ కుటుంబ ప్రార్థనలో ఈ కీర్తనను తొమ్మిదవ వచనము వరకు చదవండి. అర్థము కాని చోట ఆగండి, ఆయననే అడగండి. మీ హృదయములో ఎవరి మీదనైనా అట్టి కోపమున్నదా? దాచకండి. ఆయన ఎదుట పలికి, ఆయన చేతిలోనే విడిచిపెట్టండి. ప్రభువు మిమ్మును ఆదరించును గాక. ఆమేన్.