కొళాయి కట్టకుండా నేల తుడుస్తున్నాం
(కయత్తారు యువజన కూడికలో చేసిన ప్రసంగ పాఠం)

కోవిల్‌పట్టి నుంచి, విరుదునగర్ నుంచి బస్సులు పట్టుకుని వచ్చారు. కయత్తారు అనగానే 1799లో కట్టబొమ్మన్‌ను ఉరితీసిన చోటని గుర్తొస్తుంది. మేము మాట్లాడేది అంత పెద్ద సంగతి కాదు. మన ఇళ్లలోని మాత్రల డబ్బా గురించి.

ఊళ్లలో ఏ ఇంటికి వెళ్లినా మేము వినేది ఒకటే. అమ్మకు మోకాళ్ల నొప్పి, నాన్నకు షుగరు. అగ్గిపెట్టెల పనికి వెళ్లే అక్క చీటీ లేకుండా నొప్పి మాత్ర కొని రోజూ మింగుతుంది. ఏళ్ల తరబడి అలా మింగితే కడుపులో పుండు పడొచ్చు, కిడ్నీలు దెబ్బతినొచ్చు. ఆ మాట ఆమెకు ఎవరూ చెప్పలేదు.

సీమతుమ్మ ముల్లు కాల్లో దిగితే చుట్టూ ఎర్రబడుతుంది, వాస్తుంది, వేడెక్కుతుంది. ఒళ్లు తనను తాను కాపాడుకునే తీరు అది. డాక్టర్లు ఇన్‌ఫ్లమేషన్ అంటారు. ముల్లు తీస్తే సర్దుకుంటుంది. ఇంకో రకం బయటికి కనిపించదు, నివురుగప్పిన నిప్పులా ఏళ్లపాటు లోపలే ఉంటుంది. పొట్టలో అవయవాల చుట్టూ పేరుకున్న కొవ్వు మంట రేపే రసాయనాలను రక్తంలోకి వదులుతుంది. వాటివల్ల ఇన్సులిన్ పని మందగిస్తుంది, రక్తనాళాలు పాడవుతాయి, మోకాళ్ల అరుగుదల కూడా పెరుగుతుంది. పొగ, నిద్రలేమి, చిగుళ్ల జబ్బు దీనికి తోడవుతాయి.

డెనిస్ బర్కిట్ అని ఐర్లండు సర్జన్, గట్టి విశ్వాసి, ఉగాండాలో చాలా ఏళ్లు పనిచేశాడు. పీచు ఎక్కువగా తినే అక్కడి పల్లె జనంలో ఇంగ్లండులో మామూలైన పేగు జబ్బులు అరుదని గమనించాడు. ఆయన ఒక బొమ్మ చూపించేవాడు. సింకు నిండి నీళ్లు పొర్లుతుంటాయి, డాక్టర్లు వంచిన తల ఎత్తకుండా నేల తుడుస్తుంటారు, కొళాయి కట్టేవాడు లేడు. ఆయన చెప్పిన ప్రతిదీ తర్వాతి పరిశోధనలో నిలవలేదు. పీచు సంగతి మాత్రం నిలిచింది. పేగుల్లోని సూక్ష్మజీవులు పీచును పులియబెట్టి బ్యూటిరేట్ వంటి ఆమ్లాలు తయారుచేస్తాయి. అవి పేగు గోడను కాపాడి మంటను అణుస్తాయి.

మరి మన కొళాయి ఎక్కడుంది? మన పెద్దలు వలస వచ్చి ఈ నల్లరేగడిని సాగుచేసిన కథను ఇక్కడికి దగ్గర్లోని ఇడైసేవల్‌లో పుట్టిన కి. రాజనారాయణన్ 'గోపల్ల గ్రామం' నవలగా రాశారు. ఈ నేల ఇచ్చేది సజ్జలు, జొన్నలు, పెసలు, మినుములు. ఇప్పుడు మన కంచంలో మూడు పూటలా తెల్లన్నం, సాయంత్రం మైదా పరోటా. విరుదునగర్ నూనె పరోటా రుచి మాకూ తెలుసు లెండి!

ఇది అమ్మ నోరు కట్టుకోలేక వచ్చింది కాదు. తమిళనాడులో 2011 నుంచి రేషన్ బియ్యం ఉచితం. ఆ బియ్యాన్ని మేము తప్పుపట్టం. విరుదునగర్ బిడ్డ కామరాజ్ 1956లో ఎట్టయపురంలో బడి పిల్లల మధ్యాహ్న భోజనం మొదలుపెట్టింది ఆకలి తెలిసే. కానీ రేషన్‌లో నెలకు కిలో కందిపప్పు ఇంటిల్లిపాదికి ఎన్నాళ్లొస్తుంది? కూరగాయలు, గుడ్లు, పండ్లు కూలి డబ్బుతో కొనాలి. రాత్రి ఏడింటికి ఇల్లు చేరిన అక్కకు సజ్జలు దంచి సంగటి చేయమని సలహా ఇవ్వడం సులువు. దంచేదెవరు? ఇక్కడ కూర్చున్న తమ్ముళ్లు ఆ మాట ఇంటికెళ్లి ఆలోచించాలి.

ఒక జాగ్రత్త. పొద్దున్నే వేళ్లు బిగుసుకుపోయే కీళ్లవాతం ఉన్నవాళ్లు, షుగరు ఉన్నవాళ్లు తిండి మార్చామని మందు మానకూడదు. పసుపు పాలు తాగితే చాలంటూ వాట్సాప్‌లో తిరిగేది నమ్మి మందు మానితే కీళ్లు వంకరపోతాయి, మళ్లీ తిరిగిరావు. రోజూ నొప్పి మాత్ర మింగేవాళ్లను ముందు డాక్టరు దగ్గరికి తీసుకెళ్లండి.

2023లో నీలగిరి, ధర్మపురి జిల్లాల్లో రేషన్‌లో రెండు కిలోల బియ్యం బదులు రెండు కిలోల రాగులు ఇవ్వడం మొదలుపెట్టారు. మన జిల్లాల్లో సజ్జలు ఎందుకు ఇవ్వకూడదు, పప్పు ఎందుకు పెంచకూడదు? ఆగస్టు 15న గ్రామసభ ఉంటుంది. అర్జీ తమిళంలో రాయగలిగినవాళ్లు, ఈ కూడిక అయ్యాక పది నిమిషాలు ఆగండి. ఈరోజే రాసేద్దాం.