తెర అవతలి చెయ్యి



కంప్యూటర్ మొరాయించిందని మీరు హెల్ప్‌డెస్క్‌కు ఫోన్ చేశారనుకోండి. ఇంజనీరు మీ తెరపై కనిపించే ఒక సంఖ్య అడుగుతాడు. మీరు చెప్పి, 'అంగీకరిస్తున్నాను' అన్న చోట నొక్కుతారు. మరుక్షణం, మీరు ముట్టుకోకుండానే మౌస్ బాణం కదులుతుంది. దాన్ని కదుపుతున్నదేమిటో ఈ పాఠంలో చూద్దాం.

మొదట ఒక లెక్క. 1024 × 768 చుక్కల తెర, చుక్కకు 3 బైట్లు. మొత్తం 23,59,296 బైట్లు. సెకనుకు 56 కిలోబిట్ల పాత మోడెం మీద ఆ ఒక్క బొమ్మ పంపడానికి అయిదున్నర నిమిషాలు దాటుతుంది! మరి పని జరిగేదెలా?

1990ల చివర్లో కేంబ్రిడ్జ్‌లోని ఆలివెట్టి–ఒరాకిల్ పరిశోధనశాల వి.ఎన్.సి. అనే సాఫ్ట్‌వేర్ తయారుచేసింది. అందులో తెర మొత్తాన్ని ప్రతిసారీ పంపరు, మారిన దీర్ఘచతురస్రాలనే పంపుతారు. విండోను పక్కకు జరిపితే దానిలోని చుక్కలు మళ్లీ పంపనక్కర్లేదు. 'అక్కడున్నది ఇక్కడికి తెచ్చుకో' అని చెప్పడానికి 16 బైట్లు చాలు. ఇది నాకు చాలా ముచ్చటైన ఉపాయంగా తోస్తుంది.

ఎదురు దిశలో వెళ్లేది ఇంకా తక్కువ. మీట నొక్కితే 8 బైట్లు, మౌస్ కదిలితే 6. ఆ ఆరింటిలో బాణం ఎక్కడుందో, ఏ బొత్తాం నొక్కారో ఉంటుంది. ఎవరు నొక్కారో ఉండదు. మీ కంప్యూటర్ దాన్ని మీ చేతి కదలికగానే తీసుకుంటుంది. అంటే భద్రత చాలావరకు మొదట మీరిచ్చిన ఆ ఒక్క అంగీకారం మీదే నిలిచి ఉంది. సంకేతలిపి ఉంది కదా అంటారేమో. అది దారిలో తొంగిచూసే మూడోవాణ్ణి ఆపుతుంది, మీరే లోపలికి పిలిచిన రెండోవాణ్ణి కాదు.

మోసగాళ్లు పట్టుకున్నదీ ఈ కిటుకునే. 2019 ఫిబ్రవరిలో రిజర్వు బ్యాంకు ఇలాంటి ఒక యాప్ ద్వారా జరిగే మోసాల గురించి బ్యాంకులను హెచ్చరించింది. 'కేవైసీ ఆగిపోయింది, ఈ యాప్ వేసుకోండి' అని ఫోన్ వస్తుంది. ఆ తర్వాత ఓటీపీ సందేశం తెరమీదకు రాగానే అవతలివాడు చదివేసుకుంటాడు. 'ఓటీపీ నేనెవరికీ చెప్పలేదు నాయనా' అని ఇంట్లో పెద్దవాళ్లు అంటే, అది నిజమే. వాళ్లను కోప్పడకండి.

అలా జరిగితే ముందు ఇంటర్నెట్ తీసేయండి. వేరే ఫోన్ నుంచి బ్యాంకుకూ, 1930 నంబరుకూ చెప్పండి. తర్వాత ఆ యాప్‌ను తొలగించండి. ఇంజనీరు ఊళ్లో లేనప్పుడు కూడా సర్వరు బాగుచేయడానికి వీలుగా, ఇలాంటి సాఫ్ట్‌వేర్‌లలో శాశ్వత సంకేతపదం పెట్టుకునే ఏర్పాటు ఉంటుంది. మీరు విండో మూసినా, కంప్యూటర్ ఆపి మళ్లీ వేసినా అది అక్కడే ఉంటుంది. దాన్ని వాడితే రెండోసారి మీ అంగీకారం అడగరు.